జీతం లేకపోతే వీసా తంటా లేనట్టేనా? జపాన్‌లో ఉచిత ఇంటర్న్‌షిప్ చిక్కుముడి

కరీంనగర్ నుంచి వచ్చి టోక్యోలో మాస్టర్స్ చేస్తున్న ఒక తమ్ముడు మొన్న ఆదివారం నిషికసాయ్‌లో టీ తాగుతూ ఫోన్ నా ముందుకు జరిపాడు. ఒక చిన్న స్టార్టప్ నుంచి వచ్చిన మెయిల్. మూడు నెలలు, వారానికి మూడు రోజులు, ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా, మధ్యలో గంట భోజన విరామం. చివర్లో రెండు ముక్కలు: ‘ముక్యూ, కోత్సూహి షిక్యూ’. జీతం లేదు, రైలు ఛార్జీలు ఇస్తాం అని.

“అన్నా, పైసలు ఇస్తలేరు గదా. ఇగ వీసాతోని లొల్లి ఏముంటది?”

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ మాటలో సగం నిజం ఉంది. చిక్కల్లా ఆ సగంతోనే. ఈ ఒక్క సంగతిని జపాన్‌లో రెండు ప్రభుత్వ శాఖలు చూస్తాయి, రెండూ వేర్వేరు ప్రశ్నలు వేస్తాయి. ఇమ్మిగ్రేషన్ వాళ్లు అడిగేది ‘డబ్బు తీసుకున్నావా?’ అని. లేబర్ వాళ్లు అడిగేది ‘పని చేశావా?’ అని. జీతం లేని ఇంటర్న్‌షిప్ మొదటి ప్రశ్న దగ్గర తల ఎత్తుకుని నిలబడుతుంది, రెండో ప్రశ్న దగ్గర నీళ్లు నములుతుంది. జీతం తీసుకుంటే ఇమ్మిగ్రేషన్ అనుమతి కావాలి, తీసుకోకపోతే కంపెనీ కార్మిక చట్టానికి చిక్కుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

కార్డు వెనక ఒక వాక్యం

జపాన్‌లో చదివే విదేశీ విద్యార్థి పర్సులో రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ ఉండాలి. ముందువైపు ‘ర్యూగాకు’ అని ఉంటుంది, అంటే విదేశీ విద్యార్థి హోదా. దాని దగ్గరే ‘షూరో ఫుకా’ అని ఉంటుంది, ఉద్యోగం చేయరాదు అని. అదే కార్డు వెనక్కి తిప్పితే అడుగున ఇంకో వాక్యం: సాధారణంగా వారానికి 28 గంటల లోపు అనుమతి, బార్లు, జూదశాలల వంటి చోట్ల తప్ప. ముందు వద్దని, వెనక సరేనని చెప్పే కార్డు ఇది. దీనికి అలవాటు పడటానికి నాకే కొంత కాలం పట్టింది.

వెనక ఉన్న ఆ వాక్యం పేరు ‘షికాకుగాయ్ కత్సుదో క్యోకా’, అంటే హోదాకు బయటి పనులు చేసుకోవడానికి అనుమతి. అది ఊరికే రాదు, అడిగితేనే వస్తుంది. మొదటిసారి టోక్యో విమానాశ్రయాలైన నరీతాలోనో హనేదాలోనో దిగినప్పుడే ఒక పేజీ ఫారం నింపి ఇస్తే అక్కడికక్కడే ముద్ర వేస్తారు. అప్పుడు మర్చిపోతే తర్వాత షినగావా స్టేషన్ నుంచి బస్సెక్కి ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి, నంబరు చీటీ పట్టుకుని కూర్చోవాలి. రుసుము మాత్రం లేదు.

ఆ 28 గంటల లెక్క చాలామంది అనుకునేంత సులువు కాదు. సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కేసుకుని ఊపిరి పీల్చుకుంటే కుదరదు, ఏ రోజు నుంచి మొదలుపెట్టి ఏడు రోజులు లెక్కించినా 28 దాటకూడదు. రెండు చోట్ల చేస్తే రెండూ కలపాలి. వేసవి, వసంత సెలవుల్లాంటి సుదీర్ఘ సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల దాకా చేయొచ్చు. ఆ సెలవులు కూడా మీరు క్లాసులు ఎగ్గొట్టిన రోజులు కావు, కాలేజీ నియమావళిలో రాసి ఉన్న సెలవులు. చదువు మానేస్తే, చేతిలో కార్డు చెల్లుబాటులోనే ఉన్నా ఆ అనుమతితో పనిచేయడానికి లేదు.

ఇప్పుడు అసలు మెలిక. ఇమ్మిగ్రేషన్ చట్టం 19వ సెక్షన్ ఈ అనుమతి అడిగేది ప్రతిఫలం అందుకునే పనులకు, ఆదాయం వచ్చే వ్యాపారాలకు. చట్టంలోని మాట ‘హోషూ’, ప్రతిఫలం. అది లేని పనికి ఈ సెక్షన్ అడ్డు రాదు. గుడిలో స్వచ్ఛందంగా ఊడ్చినా, తెలుగు సంఘం పండక్కి కుర్చీలు సర్దినా, కంపెనీకి వెళ్లి పని ఎలా జరుగుతుందో చూసొచ్చినా అనుమతి ముద్ర అక్కర్లేదు. రైలు ఛార్జీలు, దూరం నుంచి వస్తే బస ఖర్చులు, బిల్లు మేరకు ఇచ్చేవి, మామూలుగా ప్రతిఫలం కిందకు రావు. కాబట్టి కరీంనగర్ తమ్ముడు చెప్పింది ఇంతవరకు ఒప్పే.

అయితే బిల్లు మేరకు అన్న మాట మీద కొంచెం ఆగాలి. నెలకు రెండు వేల యెన్‌ల రైలు పాసు ఉన్న కుర్రాడికి రోజుకు అయిదు వేల యెన్‌లు ‘ప్రయాణ సహాయం’ పేరిట ఇచ్చారనుకోండి, ఆ పేరు ఎవర్నీ మోసం చేయదు. గిఫ్ట్ కార్డులు, ‘కార్యకలాపాల ప్రోత్సాహం’ లాంటి పేర్లు కూడా అంతే. కవరు మీద ఏం రాసినా లోపలున్నది పనికి బదులు ఇచ్చిన డబ్బే అయితే అది ప్రతిఫలమే.

అమెరికాలో చదివే బంధువులు ప్రతి ఇంట్లో ఉన్న కాలం కాబట్టి మనవాళ్లు అక్కడి విద్యార్థుల పని అనుమతులైన సీపీటీ, ఓపీటీ లెక్కలు ఇక్కడికీ మోసుకొస్తారు. జపాన్‌లో అలాంటివి లేవు. కాలేజీ నుంచి ఉత్తరం తెచ్చుకుని కొత్త ఐ-20 (అక్కడి కాలేజీ ఇచ్చే వీసా పత్రం) మీద పనిచేసే పద్ధతి ఇక్కడ వెతికితే దొరకదు. ఇక్కడున్నది ఆ చిన్న ముద్ర, దాని గంటల లెక్క, అంతకు మించి కావాలంటే విడిగా అడిగే అనుమతి.

లేబర్ వాళ్ల ప్రశ్న

రెండో శాఖ సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు, కొన్ని కంపెనీలకూ తెలియదు, మరికొన్నింటికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. 1997 సెప్టెంబరు 18న అప్పటి జపాన్ కార్మిక శాఖ ఇంటర్న్‌షిప్‌ల మీద ఒక ఉత్తర్వు పంపింది. దాని సారం ఇది: విద్యార్థి వచ్చి చూసి, అనుభవం కోసం చేసి, కంపెనీ ఆజ్ఞల కింద లేకుండా ఉంటే అతను కార్మికుడు కాడు. అలా కాక నేరుగా ఉత్పత్తి పనిలో దిగి, ఆ పని లాభం కంపెనీకి చేరుతూ, చెప్పినట్టు చేయాల్సిన సంబంధం ఉంటే అతను కార్మికుడే. కార్మికుడైతే కనీస వేతన చట్టంతో సహా అన్నీ వర్తిస్తాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కార్మిక ప్రమాణాల చట్టం 9వ సెక్షన్‌లో కార్మికుడి నిర్వచనంలోనే ‘వేతనం చెల్లించబడే వ్యక్తి’ అన్న మాట ఉంది. మరి వేతనమే ఇవ్వకపోతే కార్మికుడు కాడు కదా అని తెలివిగా అడిగేవాళ్లు ఉన్నారు. ఆ తర్కం నిలవదు. అలా నిలిస్తే జీతం ఎగ్గొట్టిన ప్రతి యజమానీ చట్టం నుంచి తప్పించుకున్నట్టే. చూసేది కాగితం మీద పేరును కాదు, రోజువారీ వాస్తవాన్ని.

ఆ వాస్తవం మా తమ్ముడి మెయిల్‌లోనే కనిపిస్తోంది. ఉదయం 10కి చాట్ యాప్‌లో హాజరు పెట్టాలి. ఆలస్యమైతే ముందు రోజే చెప్పాలి. పని ఏమిటంటే విదేశీ కస్టమర్ల మెయిల్స్‌కు ఇంగ్లీషులో జవాబులు రాయడం, వెబ్‌సైట్ అనువదించడం, రెండో నెల నుంచి కొత్తగా చేరే ఇంటర్న్‌లకు ఆ పని నేర్పడం. ఈ మూడోది చదవగానే నవ్వొచ్చింది. నేర్చుకోవడానికి వచ్చినవాడు నెల తిరగ్గానే గురువు అయిపోయాడు! ఈ పని అతను చేయకపోతే ఆ కంపెనీ ఎవరికో ఒకరికి డబ్బిచ్చి చేయించుకోవాల్సిందే. 1997 ఉత్తర్వు చదివి ఆ మెయిల్ చదివితే లేబర్ ఇన్‌స్పెక్టర్ ఎటు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు.

టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 1,226 యెన్‌లు. రోజుకు 6 గంటలు, వారానికి 3 రోజులు, 12 వారాలు: 216 గంటలు. గుణిస్తే 2,64,816 యెన్‌లు. మన రూపాయల్లో దాదాపు లక్షన్నర. ‘అనుభవం వస్తుంది కదా’ అన్న మాట ఖరీదు అది. ‘నేను ఇష్టపూర్వకంగానే ఉచితంగా చేస్తున్నాను’ అని సంతకం పెట్టి ఇచ్చినా కనీస వేతన చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆ భాగం చెల్లదు, కనీస వేతనానికి ఒప్పుకున్నట్టే లెక్క. ఇవ్వని కంపెనీకి 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా ఉంది. ఇక జాతీయతను బట్టి తేడా చూపకూడదని కార్మిక ప్రమాణాల చట్టం 3వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. బకాయి జీతం మూడేళ్ల దాకా అడగవచ్చు.

మన సామెత ఒకటుంది, జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందట. ఉచితంగా చేస్తానని వచ్చినవాణ్ని అనుమానించమని దాని భావం. జపాన్ చట్టం దాన్ని తిరగేసి చదువుతుంది, ఉచితంగా చేయించుకుంటున్నవాణ్ని అనుమానిస్తుంది.

రెండు ప్రశ్నలు ఒకదాన్నొకటి ఢీకొంటే

ఇప్పుడు అసలు ఇబ్బంది చెబుతాను. మా తమ్ముడు ఇప్పటికే కొన్బినీలో, అంటే ఇరవై నాలుగు గంటల చిన్న దుకాణంలో, వారానికి 24 గంటలు చేస్తున్నాడు. ఇంటర్న్‌షిప్ 18 గంటలు. ఇంటర్న్‌షిప్ నిజంగా చూసి నేర్చుకునేదే అయితే అతని లెక్క 24 దగ్గరే ఆగుతుంది, ఏ గొడవా లేదు. కానీ రేపు ఎవరో ఇన్‌స్పెక్టర్ ‘ఇది పనే, జీతం బాకీ ఉంది’ అన్నాడనుకుందాం. కంపెనీ బకాయిలు చెల్లిస్తుంది. ఆ క్షణం నుంచి అతను వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ వారాల్లో చేసిన పని 42 గంటలు. జీతం రావడం న్యాయం, ఆ న్యాయమే అతని 28 గంటల లెక్కను ఇరకాటంలో పెడుతుంది. ఇమ్మిగ్రేషన్ అధికారి దీన్ని ఎలా చూస్తాడన్నది ఆ కేసును బట్టి ఉంటుంది. కానీ ఆ వాదన తన మెడకు చుట్టుకునే పరిస్థితి విద్యార్థి తెచ్చుకోకూడదన్నది నా అభిప్రాయం. అందుకే జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా వెనక ముద్ర ఉండాలనీ, గంటలు కలిపి 28 లోపే ఉంచుకోవాలనీ చెబుతాను. చట్టం అంత అడగకపోవచ్చు. అయినా సరే.

దెబ్బ తగిలితే ఏమిటన్నది ఇంకో కోణం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కార్మికుడైతే పనిలో గాయానికి ‘రోసాయ్’ బీమా వర్తిస్తుంది, హోదా సరిగ్గా లేని విదేశీయుడికి సైతం. ‘మేం చూడ్డానికి పిలిచిన విద్యార్థి’ అని కంపెనీ అంటే రోసాయ్ దారి మొదట మూసుకుంటుంది. అప్పుడు మిగిలేది యూనివర్సిటీల ద్వారా తీసుకునే ‘గక్కెన్‌సాయ్’ అనే విద్యార్థి ప్రమాద బీమా. అది యూనివర్సిటీ గుర్తించిన కార్యక్రమాలకే. స్నేహితుడి స్నేహితుడి ద్వారా, కాలేజీకి చెప్పకుండా వెళ్లిన ఇంటర్న్‌షిప్‌లో ల్యాబ్ యంత్రంలో వేలు పడితే రెండూ ఉండవు. ఆఫీసులో మెయిల్స్ రాసే పనికి ఇది పెద్ద విషయంగా అనిపించదు. వర్క్‌షాప్‌లో, వంటశాలలో, పొలంలో ‘ఇంటర్న్’ అంటే మాత్రం మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

శిక్షణ అన్న పేరు చూసి జపాన్ చట్టం ఎందుకింత జాగ్రత్త పడుతుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1993లో విదేశీ సాంకేతిక శిక్షణ పథకం మొదలైంది. పాత పద్ధతిలో మొదటి ఏడాది వచ్చినవాళ్లు ‘కెన్‌షూసెయ్’, శిక్షణార్థులు. కార్మిక చట్టం వర్తించదు, జీతం కాదు ‘శిక్షణ భత్యం’ ఇస్తారు. చేపలు కోసే షెడ్లలో, కుట్టుమిషన్ల దగ్గర, స్ట్రాబెర్రీ తోటల్లో రాత్రిదాకా అదనపు గంటలు చేయించుకుని గంటకు 300 యెన్‌లు ఇచ్చిన ఉదంతాలు పత్రికలకెక్కాయి. శిక్షణ అనే ఒక్క మాట కనీస వేతనాన్ని అంతగా మింగేసింది. చివరికి 2010 జూలై 1 నుంచి చట్టం మార్చి, ప్రాథమిక తరగతుల తర్వాత మొదటి ఏడాది నుంచే వాళ్లను కార్మికులుగా గుర్తించారు. ఆ పథకమే ఇప్పుడు రద్దవుతూ, 2027లో ‘ఇకుసెయ్ షూరో’ అనే కొత్త పద్ధతికి చోటిస్తోంది.

ఈ పథకం ఇంగ్లీషు పేరులో ‘ఇంటర్న్’ అన్న మాట ఉండటం మనకు ఇంకో తలనొప్పి. 2017 అక్టోబరులో భారత్, జపాన్ దీని మీద ఒప్పందం చేసుకున్నాయి. అప్పటి నుంచి ‘జపాన్‌లో టెక్నికల్ ఇంటర్న్’ అన్న ప్రకటన చూసి కాలేజీ ఇంటర్న్‌షిప్ అనుకునేవాళ్లు కనిపిస్తున్నారు. అది చదువుకు అనుబంధం కాదు, నెలజీతం మీద ఫ్యాక్టరీలోనో సంరక్షణ కేంద్రంలోనో చేసే పని. దాని హోదా వేరు, ఒప్పందం వేరు.

జపాన్ కంపెనీల నోట ‘ఇంటర్న్‌షిప్’ అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉండేది. ఒక్క రోజు పిలిచి, ప్రెజెంటేషన్ చూపించి, సీనియర్లతో మాట్లాడించి, బ్యాగులో ఒక ఫైలు పెట్టి పంపేవారు. జీతం ఊసే లేదు, పని ఊసూ లేదు, అది నియామకాల ముందు జరిగే పెళ్లిచూపుల లాంటిది. 2022 జూన్‌లో విద్యా శాఖ, కార్మిక శాఖ, ఆర్థిక-వాణిజ్య-పరిశ్రమల శాఖ మూడూ కలిసి పద్ధతి మార్చాయి. ఇప్పుడు కనీసం 5 రోజులుండి, అందులో సగానికి పైగా నిజమైన పనిచోట గడిపితేనే ఆ పేరు పెట్టాలి. ఒక్కరోజు కార్యక్రమాలకు ‘ఓపెన్ కంపెనీ’ అని పేరు. ఇలాంటి కొద్దిరోజుల కార్యక్రమాలకు జీతం లేకపోయినా భయపడాల్సింది లేదు, అవి నిజంగానే చూసొచ్చేవి. భయం నెలల తరబడి సాగే ‘చోకి ఇంటర్న్’ల దగ్గర. టోక్యో స్టార్టప్‌లు ఇచ్చే ఈ దీర్ఘకాల ఇంటర్న్‌షిప్‌లలో బుద్ధిగా గంట లెక్కన జీతమిచ్చేవీ చాలానే ఉన్నాయి. అవి ఉన్నప్పుడు జీతం లేనిదాన్ని ఎంచుకోవడం ఎందుకు?

ఇండియా నుంచి వచ్చేవారి దారి

ఇప్పటిదాకా చెప్పింది జపాన్ యూనివర్సిటీలో చదివేవారి సంగతి. హైదరాబాదులోనో గుంటూరులోనో బీటెక్ చదువుతూ ఎండాకాలం జపాన్ ల్యాబ్‌కు వెళ్లేవారికి లెక్క పూర్తిగా మారిపోతుంది. వాళ్లకు ‘ర్యూగాకు’ హోదా లేదు, 28 గంటల ముద్రా లేదు. వాళ్లకు ఎంచుకోవాల్సిన వీసాయే జీతాన్ని బట్టి మారుతుంది.

జీతం ఉంటే ‘తొకుతే కత్సుదో’, అంటే నిర్దేశిత కార్యకలాపాలు అనే హోదా. అందులో 9వ నంబరు ఇంటర్న్‌షిప్‌లకు: ఒక్కసారికి ఏడాది మించకూడదు, మొత్తం మీద చదువు కాలంలో సగం దాటకూడదు, అది కోర్సులో భాగంగా ఉండాలి, మీ యూనివర్సిటీకీ ఆ కంపెనీకీ మధ్య ఒప్పందం ఉండాలి. 12వ నంబరు వేసవి ఉద్యోగాలకు, 3 నెలలకు మించకుండా, సెలవుల్లో మాత్రమే. జీతం లేకపోతే 90 రోజుల లోపు ‘తాంకి తైజాయ్’, అంటే స్వల్పకాల సందర్శకుడు. 90 దాటితే ‘బుంకా కత్సుదో’, సాంస్కృతిక కార్యకలాపాల హోదా. ఈ రెండో దానికి జీతం లేకుండా మూడు నాలుగు నెలలు ఎలా బతుకుతారో కాగితాలతో చూపాలి. స్కాలర్‌షిప్ ఉత్తరమో, నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంటో.

విజయవాడ నుంచి ఒక అమ్మాయి, మూడో సంవత్సరం బీటెక్, జపాన్ ప్రొఫెసర్ ల్యాబ్‌లో 8 వారాలకు పిలుపు తెచ్చుకుంది. జీతం లేదు, హాస్టల్ గది ఇస్తారు. దారి స్పష్టంగా ఉంది: ప్రొఫెసర్ దగ్గర నుంచి ఆహ్వాన కారణం రాసిన పత్రం, రోజువారీ బస వివరాల పట్టిక, ఖర్చుల హామీ, కాలేజీ నుంచి ఇది చదువులో భాగమని ఉత్తరం, వీటితో స్వల్పకాల వీసా. ఆమెకు ఒక స్నేహితురాలు ఇచ్చిన సలహా వింటే గుండె ఆగింది: “ఇండియన్స్‌కి ఇప్పుడు ఆన్‌లైన్ టూరిస్ట్ వీసా ఉంది కదే, అది తీసుకో, మూడు రోజుల్లో పని అయిపోతుంది.” 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు ఎలక్ట్రానిక్ వీసా ఉన్న మాట నిజమే. అది పర్యటనకు. ఎయిర్‌పోర్టులో ‘ఎందుకొచ్చావు?’ అని అడిగితే క్యోటో గుళ్లు చూడ్డానికి అని అబద్ధం చెప్పాలి, లేదా నిజం చెప్పి వీసా తప్పని ఒప్పుకోవాలి. ఎనిమిది వారాల చదువు కోసం ఇరవై ఏళ్ల పిల్ల అలాంటి చోట నిలబడాల్సిన పనేమిటి? ఆమె అసలు దారినే వెళ్లింది.

ఇంకో గోతి డిగ్రీ పూర్తయినవాళ్లకు. మేలో పట్టా చేతికొచ్చి, జూలైలో ‘ఇంటర్న్‌షిప్’కు వెళ్తామంటారు. 9వ నంబరు, 12వ నంబరు హోదాలు చదువుతున్నవాళ్లవి. పట్టా వచ్చాక మీరు విద్యార్థి కాదు, కంపెనీ ఆ మాట వాడినంత మాత్రాన ఇమ్మిగ్రేషన్ ఒప్పుకోదు. నిజంగా తీసుకోవాలనుకునే కంపెనీ అయితే ఉద్యోగ వీసాకే దరఖాస్తు చేయాలి, అప్పుడు అదే పని చేసే జపానీయుడికి తగ్గకుండా జీతం చూపాలి.

సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ నిర్మాణానికి జపాన్ సాయం అందింది, అక్కడి నుంచి జపాన్‌కు విద్యార్థులు, పరిశోధకులు వెళ్తూనే ఉంటారు. అలాంటి చోట్ల అంతర్జాతీయ వ్యవహారాల ఆఫీసుకు ఈ కాగితాలన్నీ చేతివేళ్ల మీద ఉంటాయి. కష్టం ఏజెంటుకు అరవై వేలు, డెబ్బై వేలు కట్టి ‘సర్టిఫికెట్ గ్యారంటీ’ అనే ఉచిత ఇంటర్న్‌షిప్‌లు కొనుక్కునే పిల్లలది. జీతం ఇవ్వని పనికి ఎదురు డబ్బు కట్టడం!

28 దాటాలంటే

జపాన్‌లో చదివేవారికి 28 దాటడానికి సక్రమమైన దారి ఒకటుంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి, పాసవడానికి కావాల్సిన క్రెడిట్లు దాదాపు అన్నీ తెచ్చుకున్నవాళ్లు, మాస్టర్స్ రెండో ఏడాదివాళ్లు, తమ చదువుకు సంబంధించిన ఇంటర్న్‌షిప్ కోసం విడిగా అనుమతి అడగవచ్చు. కంపెనీ పేరు, పని, గంటలు, కాలం అన్నీ రాసి ఇస్తే ఆ ఒక్కదానికే అనుమతి ఇస్తారు.

స్టార్టప్‌లు వాడే ఇంకో మాట ‘గ్యోము ఇతాకు’. ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మీద పని అప్పగించడం. నెలకు ఇంత, లేదా యాప్‌లో ఒక్కో పేజీకి ఇంత. డబ్బు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కార్డు వెనకున్న సాధారణ ముద్ర ఇలాంటి, గంటలు బయటి నుంచి తేల్చలేని పనులకు సరిపోదు, విడి అనుమతి కావాలి. ఈ సంగతి ఇంటర్వ్యూలో చెబితే చాలామంది యువ వ్యవస్థాపకులు మొదటిసారి విన్నట్టు చూస్తారు. మరోవైపు సొంత యూనివర్సిటీతో ఒప్పందం మీద టీచింగ్ అసిస్టెంటుగా, రీసెర్చ్ అసిస్టెంటుగా తీసుకునే డబ్బుకు ముద్రే అవసరం లేదు. పీహెచ్‌డీ వాళ్లకు 2021లో విద్యాశాఖ మొదలుపెట్టిన పరిశోధన ఇంటర్న్‌షిప్‌లు రెండు నెలలకు పైబడినవి, జీతంతో కూడినవి.

కాలేజీకి సెలవు పెట్టి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేస్తానని ప్లాను వేసేవాళ్లకు ఒక మాట. సరైన కారణం లేకుండా 3 నెలలు చదువు సాగకపోతే విద్యార్థి హోదానే రద్దు చేసే అధికారం ఇమ్మిగ్రేషన్‌కు ఉంది. అక్కడ జీతం ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు.

జైలు, డిపోర్టేషన్ కథలు వాట్సాప్ గ్రూపుల్లో చాలా తిరుగుతాయి. అనుమతి లేకుండా డబ్బు సంపాదిస్తే ఏడాది దాకా జైలు లేదా 20 లక్షల యెన్‌ల దాకా జరిమానా, చదువు వదిలేసి పనే పనిగా పెట్టుకుంటే ఇంకా ఎక్కువ. అలా పని ఇచ్చిన యజమానికి 3 ఏళ్లు, 30 లక్షలు అన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన, 2024లో సవరించిన చట్టం దాన్ని 5 ఏళ్లు, 50 లక్షలకు పెంచింది. నిజాయితీగా జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసిన విద్యార్థి మీద వీటిని ప్రయోగిస్తారని భయపడనక్కర్లేదు. వాడికి తగిలే దెబ్బ వేరు: మూడు నెలలు చేసిన పనికి జీతం స్లిప్పు లేదు, బీమా లేదు, ‘ఇక్కడ పనిచేశాను’ అనడానికి ఒక చాట్ యాప్ లాగిన్ తప్ప ఆధారం లేదు, అది కూడా ఆఖరి రోజు సాయంత్రం మూతపడుతుంది. అనుమానం ఉంటే టోక్యోలో యోత్సుయాలో ఫ్రెస్క్ అనే విదేశీయుల సహాయ కేంద్రం ఉంది. ఇమ్మిగ్రేషన్, లేబర్, న్యాయ సలహా కిటికీలు ఒకే చోట. రెండు శాఖల ప్రశ్నలూ ఒక్క పూటలో అడిగేసుకోవచ్చు.

మా తమ్ముడు రెండు రోజులు ఆలోచించి కంపెనీకి మెయిల్ రాశాడు. జపనీస్‌లో నాలుగు వాక్యాలు, నేను ఒక క్రియాపదం దిద్దాను. వారానికి రెండు రోజులు చేస్తాను, కొన్బినీ గంటలు తగ్గించుకుంటాను, అనుమతి ముద్ర నా దగ్గరుంది, గంటకు కనీస వేతనం ఇవ్వగలరా అని. పది రోజులకు ఎంతో మర్యాదగా జవాబొచ్చింది. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, కానీ జీతం ఇస్తే అది ఉద్యోగం అయిపోతుంది కాబట్టి మా ఇంటర్న్‌లకు ఇవ్వడం లేదు అని.

“అన్నా, ఇది వాళ్లే రాసిచ్చిన్రు గదా” అన్నాడు, ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటూ.